కడిగిన నీళ్లు

నాలుగు గంటలకు సూపరింటెండెంటు తొలగింపు కాగితం మీద సంతకం చేస్తాడు. చేస్తే, పదకొండేళ్లుగా ఆ కార్యాలయపు నేల తుడుస్తున్న ఆయమ్మ చీపురూ బకెట్టూ అప్పగించి వెళ్లిపోవాలి. ఆమె నిన్న సాయంత్రం తడిగుడ్డతో రికార్డుల గది తుడిచింది. ఈ ఉదయం ఆ గదిలోని కంప్యూటర్ వెలగలేదు. దాని పెట్టె బల్ల కింద, నేల మీదనే ఉంటుంది. ఇంతకు మించి విచారణ జరగలేదు. నోరు పెద్దదైన చోట విచారణ ఎవరికి కావాలి?

మెకానిక్ పదకొండింటికి వచ్చింది. నలభై దాటిన స్త్రీ, మాటల్లో పొదుపరి. పెట్టెను బల్ల మీదికి ఎత్తించి, అన్నిటికంటే ముందు కరెంటు తీగ పీకేసింది.

"ఆన్ చేసి చూశారా?"

"చూడకుండా పాడైందని ఎలా తెలుస్తుందండీ? నాలుగైదు సార్లు నొక్కాను" అన్నాడు సూపరింటెండెంటు.

"తడిసినదాన్ని నొక్కకూడదు. ఉన్న ప్రాణం కూడా పోతుంది."

గుమ్మం దగ్గర ఆయమ్మ నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. "నేను గట్టిగా పిండిన గుడ్డతోనే తుడుస్తాను తల్లీ. నీళ్లోడే గుడ్డ ఈ చేత్తో ఎప్పుడూ పట్టలేదు."

"నువ్వాగు ఆయమ్మా. మెకానిక్ గారూ, లోపల నీళ్లు పడ్డాయని రెండు ముక్కలు రాసివ్వండి చాలు. పెద్ద భారతం అక్కర్లేదు."

మెకానిక్ పక్కరేకు విప్పింది. పెట్టె అడుగున నెలల నాటి దుమ్ము పొడిపొడిగా, చెదరకుండా ఉంది. పైన గాలి కోసం వదిలిన రంధ్రాల నుంచి మాత్రం గోధుమరంగు చార ఒకటి బోర్డు మీదుగా జారి, సగం దూరంలో ఎండిపోయింది.

"ఇటు చూడండి. నేల తుడిచిన నీళ్లు పైనుంచి దిగవు కదా?"

"బకెట్టు బల్ల మీద పెట్టి ఉంటుంది. ఒలికి ఉంటుంది" అన్నాడతడు, తడుముకోకుండా. "అయినా మీరు కంప్యూటర్ డాక్టరా, పోలీసు కుక్కా?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"రెండూ కాదండీ. కింద సంతకం పెట్టాల్సినదాన్ని."

"అయితే ముందు కడిగి బాగుచేయండి. రాతకోతలు తర్వాత."

ఆ మాట న్యాయంగానే వినిపించింది. చిక్కు అక్కడే ఉంది. ఆ చార ఊరికే ఉండదు; లోహాన్ని తింటుంది. అతుకుల చుట్టూ అప్పటికే పచ్చటి చిలుము మొదలైంది. ఆలస్యమైతే బోర్డు చచ్చిపోతుంది, ఆ పాపం కూడా ఆయమ్మ నెత్తినే పడుతుంది. తుడిచేస్తేనో, ఆమె పక్షాన సాక్ష్యం చెప్పగలిగిన ఆ ఒక్క మరకా దూదికి అంటుకుని పోతుంది. ఫోటో తీస్తే రంగు కనిపిస్తుందేగాని, అది ఏమిటో తెలియదు.

మెకానిక్ ఎప్పుడూ స్పిరిటుతోనే మొదలుపెడుతుంది. ఆ సీసా చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, మళ్లీ బల్ల మీద పెట్టేసింది. సంచిలోంచి, ఇగిరితే ఏ మడ్డీ మిగలని డిస్టిల్డ్ వాటర్ డబ్బా తీసింది.

"స్టీలు గిన్నె ఒకటి కావాలి."

ఆయమ్మ కదలబోయింది. "మీరు వద్దమ్మా. అయ్యా, మీరే తెండి. మీరే కడిగి తెండి. తర్వాత గిన్నె మీద అనుమానం రాకూడదు."

"మా ఆవిడ కూడా నాచేత గిన్నెలు కడిగించదండీ!"

"తెలుస్తూనే ఉంది బాబూ" అంది ఆయమ్మ, కుళాయి దగ్గర అతని అవస్థ చూసి. "అడుగున కూడా రుద్దండి."

మెకానిక్ బోర్డును ఏటవాలుగా పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో చారను తడుపుతూ, జారిన ప్రతి బొట్టునూ గిన్నెలోకి రాబట్టింది. రెండు గరిటెల నీళ్లు వచ్చాయి, పలచటి టీ రంగులో. గిన్నెను హాల్లో టీలు కాచే కరెంటు పొయ్యి మీద, సన్నటి సెగన, అందరికీ కనబడేలా పెట్టించింది.

అప్పుడు గాని స్పిరిటు ముట్టలేదు. బోర్డు మొత్తం దానితో తుడిచి, చిలుము గీకి, గోరువెచ్చటి గాలి పట్టింది. మెమరీ ముక్కల ఇత్తడిరంగు అంచులను పెన్సిలు రబ్బరుతో రుద్దింది. గంటలు గడిచాయి. గిన్నెలో నీరు ఇగిరి, అడుగున చిక్కబడి, బుడగలు లేచి, తీగ సాగింది. మాడిన చక్కెర వాసన హాలంతా కమ్ముకుంది.

"ఇది పాకమండీ!" అంది వెనక బల్ల ఉద్యోగిని, చెంచాతో ఎత్తి చూసి. "బకెట్టు నీళ్లు పాకం పడతాయా?" ఆపైన గొంతు తగ్గించి, "నిన్న మేం వెళ్లేటప్పుడు కూల్‌డ్రింకు సీసాతో ఆ గదిలో ఉన్నది మీరొక్కరే కదా సార్" అంది.

సూపరింటెండెంటు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తెలియక పొరబడినవాడి ముఖం అలా ఉండదు. అతనికి ఉదయం నుంచీ తెలుసు.

మూడున్నరకు మెకానిక్ బోర్డుకు కరెంటు ఇచ్చింది. ఫ్యాను తిరిగి, ఆగిపోయింది. ఆయమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెకానిక్ ముందు గుచ్చిన మెమరీ ముక్క తీసి, రెండోది గుచ్చి మళ్లీ నొక్కింది. ఈసారి చిన్న కూత వినబడింది. తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరాయి.

ఆమె కాగితం తీసి రాసింది: "పెట్టె పైనుంచి చక్కెర కలిసిన పానీయం పడింది. నేల తుడిచిన నీళ్లు లోపలికి చేరలేదు." సంతకం చేసి ఇచ్చింది.

సూపరింటెండెంటు అది చదివి, జేబులోంచి తొలగింపు కాగితం తీసి నాలుగు ముక్కలుగా చింపాడు. "అయిపోయింది కదా. వెళ్లి పని చూసుకో ఆయమ్మా."

ఆయమ్మ కదల్లేదు. "పొద్దున హాల్లో నిలబెట్టి అందరి ముందూ నా తప్పేనన్నారు బాబూ. చింపడం మాత్రం గదిలోనా?"

"ఇంకేం చెయ్యమంటావు?"

"అన్నచోటే నిలబడి, అన్నంత గట్టిగా చెప్పండి."

అతడు మెకానిక్ వైపు చూశాడు. ఆమె రేకు బిగిస్తోంది, తల ఎత్తలేదు. అతడు మెల్లగా హాలు మధ్యకు నడిచి, ఏదో గొణిగాడు.

"వినపడలేదు సార్" అంది వెనక బల్ల ఉద్యోగిని.

అతడు గొంతు సవరించుకున్నాడు. "ఒలికించింది నేను. ఆయమ్మ తప్పేమీ లేదు. తెలిసే ఆమె మీదికి నెట్టాను."

ఆ మూడో మాట ఎవరూ అడగలేదు. ఆయమ్మ దాన్ని కూడా చివరిదాకా విని, అప్పుడు చీపురందుకుని గుమ్మం దిగింది.