సగం వేసిన నేల

ఇళ్లకు టైల్స్ పరిచే తమ్ముడు ఒకప్పుడు వంకర ముక్క ఒకటి తెచ్చి, "దీంతో ఎంత పెద్ద నేలనైనా సందు లేకుండా నింపొచ్చంటావా?" అని సరదాగా అడిగాడు. లెక్కల మాస్టారైన అన్నయ్య ఆ ప్రశ్నను నెత్తికెత్తుకున్నాడు. అట్టముక్కలు కత్తిరిస్తూ, పేరుస్తూ, చెరిపేస్తూనే జుట్టు నెరిసిపోయింది. "మీ తమ్ముడు నాకు సవతిని తెచ్చిపెట్టాడు" అని వదిన దెప్పేది.

ఇప్పుడు అన్నయ్య మంచం పట్టాడు. రోగాలకు మందులూ, వంతెనలకు నక్షలూ యంత్రాలే ఆలోచించి చెబుతున్న రోజులు. ఇక ఏ మందూ పనిచేయదని మెత్తగా చెప్పిందీ ఆ యంత్రమే. అన్నయ్య మాత్రం దుప్పటి మీద అట్టముక్కలు పరుచుకుని, జపంలో కూర్చున్నట్టు కూర్చునేవాడు.

ఒకరోజు పని దగ్గర భోజనాల వేళ, తమ్ముడు ఉండబట్టలేక ఆ ముక్క బొమ్మ ఫోన్లో పెట్టి యంత్రాన్ని అడిగాడు. డబ్బా మూత తీసేలోపే జవాబొచ్చింది. నింపొచ్చు. ఎలాగో గీసి మరీ చూపించింది. ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని పువ్వులా విచ్చుకుంటూ పోతున్నాయి. అతనికి ఒళ్లు జలదరించింది. మరుక్షణం ఫోన్ జేబులో దాచేశాడు. వాళ్ల పనిలో ఒక కట్టుబాటుంది. ఒక మేస్త్రీ సగం వేసిన నేల మీద, అతను బతికుండగా ఇంకొకడు చెయ్యి వేయడు. వేస్తే ముఖాన కొట్టినట్టే.

సాయంత్రం వెళ్తే అన్నయ్యే ఆ మాట ఎత్తాడు.

"ఏరా, ఆ యంత్రానికి దీని సంగతి తెలిసుంటుందంటావా?"

"దానికీ చేతకాలేదు అన్నయ్యా. ఊరికే గొప్పలు!"

"నిజంగా అడిగావా?"

"అడిగాన్లే. తెల్లమొహం వేసింది."

అన్నయ్య నవ్వలేదు. చేతిలో ముక్క పక్కన పెట్టేసి గోడవైపు తిరిగాడు. అలిసిపోయాడనుకున్నాడు తమ్ముడు. పెద్దవాడి పరువు నిలబెట్టానని తృప్తిగా ఇంటికెళ్లి, దేవుడికి దండం పెట్టుకుని పడుకున్నాడు.

ఆ వారంలోనే అన్నయ్య పోయాడు.

చుట్టాలు వెళ్లాక, పక్కబట్టలు మడుస్తూ వదిన అంది: "ఆ రోజు నువ్వెళ్లాక, 'నా వల్ల కాదని ఎప్పుడో తెలుసే. ఎవరు తేల్చినా సరే, కళ్లారా చూసి పోదామనుకున్నా' అన్నారు. మొదట్లోనే మీరే ఆ యంత్రాన్ని అడిగి ఉండొచ్చుగా అన్నాను. 'వాడు తెచ్చిన ముక్క. వాడి నోటే వినాలి' అన్నారు."

దేవుడు మనిషిని పంపింది పని ముగించడానికేనని తమ్ముడు ఇన్నాళ్లూ నమ్మాడు. చూసి మురిసిపోవడానిక్కూడా పంపుతాడేమో! ఆ మాట అన్నయ్యనే అడగాల్సింది.

అతను ఫోన్లో యంత్రం గీసిన ఆ బొమ్మ తీసి వదినకిచ్చాడు.

"ఎప్పుడొచ్చిందిది?"

"ఆ రోజే, మధ్యాహ్నం," అన్నాడు తమ్ముడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బొమ్మను వేలితో జరుపుతూ, జరుపుతూ పోయింది. ఎంతకీ అంచు రాలేదు.

"చూసుంటే కేకేసి నన్నూ పిలిచేవారు," అంది వదిన. "పొయ్యి మీద ఏమున్నా వదిలేసి రమ్మనేవారు."