ఐదు గళ్ళ రైలు పాసు

మా ఆయన రాదోవాన్‌కి ఇంట్లో మంచం మీద తప్ప ఇంకెక్కడా నిద్ర పట్టదు. పట్టదని ఆయనంటాడు, ఎప్పుడైనా ప్రయత్నిస్తే కదా తెలిసేదని నేనంటాను. నలభై నాలుగేళ్ళుగా మా ఇద్దరికీ ఇదే గోల. పెళ్ళినాడు కూడా అంతే. మా పుట్టింట్లో విందు సగంలో ఉండగానే ఎవరిదో ట్రాక్టరు అడిగి, తెల్ల గౌనుతో నన్ను దాని మీద కూర్చోబెట్టి తన ఊరు సోల్కాన్ తీసుకొచ్చేశాడు. మా అమ్మకి ఆ కోపం ఆవిడ పోయేదాకా పోలేదు.

ఆయన్ని అని మాత్రం ఏం లాభం. ఆయనకి నాలుగేళ్ళప్పుడు మా మామగారు పొద్దున్నే పక్క ఊరు గోరిట్సియాలో వడ్రంగి పనికి వెళ్ళారు. ఆ రోజే పెద్దవాళ్ళెవరో మ్యాపు మీద రెండు దేశాల మధ్య గీత గీశారు. మధ్యాహ్నానికల్లా మా వీధి చివర ముళ్ళకంచె పడింది. మామగారి పని ఇటలీలో ఉండిపోయింది, ఇల్లు ఇటుపక్క ఉండిపోయింది. తిరిగి ఇంటికి చేరడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ సాయంత్రం మా అత్తగారు గుమ్మంలో పెట్టిన కిరసనాయిలు దీపాన్ని ఆ ఎనిమిది నెలలూ పగలనక రాత్రనక ఆరనివ్వలేదు. అప్పట్నుంచీ మా ఇంట్లో అదొక నియమం. ఇంటి మనిషి చీకటి పడ్డా రాకపోతే గుమ్మం దీపం వెయ్యాలి, ఆఖరి మనిషి గడపలో కాలు పెట్టేదాకా దాన్ని తియ్యకూడదు. ఇప్పుడది కరెంటు బల్బు, అంతే తేడా. మా అమ్మాయి పుట్టినప్పుడు నేను ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంటే, ఐదు రోజులూ పట్టపగలు కూడా వెలుగుతూనే ఉందిట.

ఇక నా సంగతి. నేను ముప్ఫై ఒక్కేళ్ళు రొట్టెల బట్టీలో పనిచేశాను. ఊరంతా గురక పెడుతుంటే లేచి పిండి పిసికిన దాన్ని. ఊరు లేచేసరికి నా రొట్టె వేడివేడిగా బల్ల మీద ఉండేది. నాకని ఎవరూ ఎప్పుడూ కాల్చి పెట్టలేదు. అందుకని నాకొక్కటే కోరిక. నన్ను ఎరగని ఊళ్ళో, ఎండెక్కాక నిద్ర లేచి, ఇంకెవరో కాల్చిన రొట్టె, ఇంకెవరో కాచిన కాఫీ ముందు కూర్చోవాలి. పక్కన మా ఆయన ఉండాలి. ఒక్క పొద్దుట చాలు. ఇది పెద్ద కోరికేమీ కాదు, కానీ దీనికి రాత్రి బయట పడుకోవాలి కదా.

ఆ వసంతంలో పెన్షనర్ల సంఘం భోజనాల్లో లాటరీ తీశారు. నేను మొదటి బహుమతి పందితొడ మీద ఆశ పెట్టుకున్నాను. అది మా పక్కింటి జోర్కాకి పోయింది. నాకేమో రెండు రైలు పాసులు వచ్చాయి. యూరప్ అంతా తిరగొచ్చు. పదిహేను రోజుల్లో ఏవైనా ఐదు రోజులు.

ఇంటికి రాగానే రాదోవాన్ కళ్ళజోడు పెట్టుకుని, వెనకాల చీమల బారులా ఉన్న నిబంధనలన్నీ చదవడం మొదలుపెట్టాడు. మూడు రోజులు చదివాడు. మూడో రోజు ముఖం వెలిగిపోయింది.

"అయ్యో, మిలోయ్కా, మన ప్రాప్తం ఇంతే" అన్నాడు. "సొంత దేశంలో ఈ పాసు పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మాత్రమే చెల్లుతుందిట. రోజూ ఇంటికి రాలేం. జోర్కా ఒప్పుకుంటే పందితొడకి మార్చుకుందాం."

"ఏ దేశంలో?"

"ఏ దేశంలో ఏమిటే, మన దేశంలో."

"మరి గోరిట్సియా స్టేషన్ ఏ దేశంలో ఉంది?"

కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మా గుమ్మం నుంచి ఇటలీ వాళ్ళ స్టేషన్‌కి సైకిల్ మీద ఇరవై నిమిషాలు. ఆ గీత వల్ల మా ఇంటికి జరిగిన మేలేదైనా ఉందంటే అదొక్కటే.

"సరే. కానీ ఏ రోజుకారోజు ఇంటికి వచ్చెయ్యాలి" అన్నాడు.

"మూడు రోజులు నువ్వన్నట్టే. చివరి రెండు గళ్ళూ మాత్రం కలిపి వాడదాం. శనివారం పోయి ఆదివారం వద్దాం. ఒక్క రాత్రి" అన్నాను.

"చూద్దాంలే" అన్నాడు. మా ఆయన చూద్దాంలే అన్నాడంటే చూడనని అర్థం. అయినా నేను ఆశ పెట్టుకున్నాను.

పాసులో ఐదు గళ్ళుంటాయి. బండెక్కే ముందు ఆ రోజు తారీకు సిరాతో రాసుకోవాలి. కొట్టేసినా, దిద్దినా చెల్లదు. రాత బాగుంటుందని ఇద్దరివీ ఆయనే రాసేవాడు, ఆయనా వడ్రంగే కదా, గుమ్మం చట్రానికి కొలత పెట్టినంత శ్రద్ధగా, నాలిక బయటపెట్టి. మొదటి రోజు పాదువా, రెండో రోజు వెనిస్, మూడో రోజు వెరోనా. పొద్దున్నే ఉడకబెట్టిన గుడ్లు, రొట్టె, ఫ్లాస్కు సర్దుకుని సైకిళ్ళెక్కేవాళ్ళం. సరిహద్దు దగ్గర కాపలా ఎత్తేసి ఎన్నేళ్ళయిందో. అయినా అక్కడికి రాగానే ఆయన సైకిల్ నెమ్మదించి, చొక్కా జేబులో గుర్తింపు కార్డు ఉందో లేదో తడుముకునేవాడు. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని.

మనిషి మాత్రం కులాసాగా ఉన్నాడు, ఉన్నమాట చెప్పాలి. వెనిస్‌లో ప్రతి తలుపు చెక్కా తట్టి చూశాడు. వెరోనాలో నాకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టి, అందులో సగం ఆయనే తిన్నాడు. మూడున్నర కాగానే కాలు ఒకచోట నిలిచేది కాదు. "బండి" అనేవాడు. ఇంకా గంటన్నర ఉందయ్యా అంటే, "స్టేషన్‌లో కూర్చుందాం, నీడగా ఉంటుంది" అనేవాడు.

నాలుగో గడి దగ్గర కొంప ముంచాడు.

బుధవారం నేను సంఘంలో పాటల సాధనకి వెళ్ళొచ్చేసరికి ఇంట్లో లేడు. సాయంత్రం ఓ చిన్న పొట్లం చేత్తో పట్టుకుని వచ్చాడు. ముల్లంగి విత్తనాలు.

"ఎక్కడివి?"

"ఊదినేలో. అక్కడ మంచివి దొరుకుతాయి."

"ముల్లంగి విత్తనాలకి ఊదినే దాకా పోయావా? మన వీధి చివర కొట్లో లేవూ?"

"బండిలో వెళ్ళానే. పాసుంది కదా." పాసు తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగో గడిలో బుధవారం తారీకు, ముచ్చటైన రాతతో. "అయ్యో, ఇక నాకు ఒక్క గడే మిగిలింది. శనివారం పోతే అదే రోజు రావాలి మరి. ఏం చేస్తాం."

తలుపు వేసుకుని మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఆయన భయం నాకు తెలియదా. భయమేస్తోంది, రాలేను మిలోయ్కా అంటే ఆ మాటకి నేను సర్దుకునేదాన్ని. ముల్లంగి విత్తనాలతో నన్ను మోసం చేస్తాడా.

బయటికొచ్చి చెప్పాను. "నా పాసులో రెండు గళ్ళున్నాయి. శనివారం నేను కొండల అవతల విలాఖ్ ఊరికి వెళ్తున్నాను. ఆదివారం వస్తాను. నువ్వు నీ ముల్లంగి దగ్గర కాపలా కూర్చో."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. నన్నేం ఎవరూ ఎత్తుకుపోరు."

మర్నాడే ఫోన్ చేసి గది చెప్పుకున్నాను. ఒకరికా ఇద్దరికా అని హోటలావిడ అడిగితే, ఒకరికే అని గట్టిగా, ఆయనకి వినపడేలా చెప్పాను. ఆయన పెరట్లో ముల్లంగికి మన్ను తవ్వుతూనే ఉన్నాడు.

శనివారం పొద్దున లేచేసరికి రెండు సైకిళ్ళూ గాలి కొట్టి గేటు దగ్గర ఉన్నాయి. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. తన ఐదో గడి అప్పుడే రాసేశాడు.

"సాయంత్రం దాకా తోడొస్తాను" అన్నాడు నేల చూస్తూ. "ఐదింటి బండికి వచ్చేస్తా. చీకటి పడేలోగా ఇంట్లో ఉంటా."

"నీ ఇష్టం" అన్నాను. మనసులో కొంచెం మెత్తబడ్డాను, పైకి మాత్రం కనపడనివ్వలేదు.

సందు మలుపు తిరిగామో లేదో ఆగాడు. కళ్ళజోడు మరిచిపోయానని సైకిల్ నా చేతిలో పెట్టి నడుచుకుంటూ వెనక్కెళ్ళాడు. రెండు సైకిళ్ళూ పట్టుకుని నేను అక్కడ దిష్టిబొమ్మలా నిలబడ్డాను. బండి పోతే మళ్ళీ రెండు గంటలు ఆగాలని ఆయనకి తెలియదూ. వచ్చాక సైకిలెక్కి తొక్కాడు.

ఊదినేలో బండి మారి, కొండల్లోంచి సొరంగాలు దాటుకుని మధ్యాహ్నానికి విలాఖ్ చేరాం. కజ్జికాయల్లా జున్ను కూరి ఉడికించిన నూడుల్స్ తిన్నాం. నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని బాతులకి రొట్టె వేశాం. అక్కడ ఆయన, "విత్తనాల సంగతి నేను చేసింది బాలేదు" అన్నాడు. బాలేదన్నాను నేనూ. అంతే, ఇంకా పొడిగించలేదు.

నాలుగున్నరకి స్టేషన్‌కి నడిచాం. ఈసారి తొందరపెట్టింది నేనే. దిగులుగా ఉంది, కానీ పంతం అలాంటిది. బండి వచ్చింది. ఆయన మెట్టు మీద ఒక కాలు పెట్టి కమ్మీ పట్టుకున్నాడు. నేను ఫ్లాస్కు అందించాను.

"గుడ్డొకటి మిగిలింది, దారిలో తిను. సైకిల్‌కి లైటు వేసుకో" అన్నాను.

ఆయన తీసుకోలేదు. టోపీ పెట్టుకున్న రైలతను ఎక్కుతున్నారా అండీ అని అడిగాడు. రాదోవాన్ కాలు కిందికి దింపాడు. తలుపు మూసుకుంది, బండి కదిలిపోయింది.

"ఏమయ్యా?" అన్నాను.

"జనం మరీ ఎక్కువగా ఉన్నారు" అన్నాడు. ఆ పెట్టెలో ఒక ముసలావిడ, ఆవిడ కుక్క తప్ప ఎవరూ లేరు.

నేను నవ్వలేదు. నవ్వితే ఏడుపొచ్చేలా ఉంది. చెయ్యి పట్టుకున్నాను, చెమటతో తడిసిపోయి ఉంది. అలాగే పట్టుకుని హోటల్‌కి తీసుకెళ్ళాను. ఒకరికి చెప్పుకున్న గది కదా, మంచం ఇరుకు. హోటలావిడ ఇంకో దిండిచ్చింది.

పొద్దున నేను కళ్ళు తెరిచేసరికి ఎనిమిది దాటింది. నా జీవితంలో ఎనిమిదింటి దాకా పడుకుని ఎరగను. ఆయన చొక్కా వేసుకుని కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. నిద్రపోయావా అని అడిగితే, "కాస్త" అన్నాడు. ఎంత కాస్తో నేను అడగలేదు.

కింద బల్ల మీద గుండ్రటి రొట్టెలు, వెన్న, నేరేడు పండు రంగులో ఏదో జామ్, కాఫీ. నేనొక రొట్టె విరిచాను. పైన కరకరలాడింది, లోపల ఇంకా వెచ్చగా ఉంది. ఎవరో నాకోసం చీకట్లో లేచి కాల్చారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రాదోవాన్ తనది నొక్కి చూశాడు, వాసన చూశాడు, నమిలాడు. "నీ రొట్టె ముందు ఇది దిగదుడుపే" అన్నాడు.

"నోర్మూసుకుని తిను" అన్నాను. ఆయన మూడు తిన్నాడు.

స్టేషన్‌లో ఆయన పాసులో గళ్ళు లేవు కాబట్టి కిటికీ దగ్గర నిలబడి పూర్తి ధర పెట్టి టికెట్ కొనుక్కున్నాడు. చెప్పుల ధర దగ్గర గంటసేపు బేరమాడే మనిషి, ఒక్క మాట గొణగలేదు. బండిలో వార్తాపత్రిక చదువుదామని చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీశాడు. ఆ జోడు ఎప్పుడూ ఆ జేబులోనే ఉంటుంది. ఆ మాట నాకప్పుడు తట్టలేదు.

మధ్యాహ్నం రెండింటికి మా సందు మలుపు తిరిగాం. ఎండ మండిపోతోంది. గేటు దగ్గర సైకిల్ దిగి తలెత్తి చూద్దును కదా, గుమ్మం మీద బల్బు వెలుగుతోంది.

అది చీకటి పడ్డాక వేసే దీపం. నిన్న చీకటి పడేవేళకి మా ఇంట్లో ఎవరూ లేరు. చీకటి పడేలోగా వచ్చేసే మనిషి పొద్దున్నే దీపమెందుకు వేసి వెళ్తాడు? కళ్ళజోడు కోసమని నన్ను రెండు సైకిళ్ళతో నిలబెట్టి ఆయన వెనక్కొచ్చింది ఇందుకన్నమాట.

"నిన్న పొద్దున్నే అనుకున్నావా, ఉండిపోదామని?" అన్నాను.

"అనుకున్నా."

"మరి ఆ స్టేషన్ దాకా రావడం ఎందుకు, మెట్టెక్కడం ఎందుకు?"

"అనుకోవడం వేరు కదే" అన్నాడు సైకిల్ గోడకి ఆనించి. "ధైర్యం చాలుతుందో లేదో నాకేం తెలుసు."

తాళం తీశాడు. స్విచ్చు గుమ్మం పక్కనే ఉంటుంది, చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు.

"నువ్వు ముందు లోపలికి రా" అన్నాడు.

నేను గడప దాటాను. ఆయనా దాటి, మా ఇద్దరినీ ఒకసారి చూసుకుని, అప్పుడు దీపం తీసేశాడు.