పొట్టి కాళ్ల క్యాబినెట్

మా జోంగ్‌హే కంపెనీలో ఏ కంప్యూటర్ క్యాబినెట్ తయారైనా ముందు నా బల్ల మీదికి రావలసిందే. అంచుల వెంట వట్టి వేలు పోనిస్తాను. తెగితే ఫెయిల్. తర్వాత లోపల గ్రాఫిక్స్ కార్డులు బిగించి అరగంట నడిపిస్తాను. వేడి ఎనభై మూడు డిగ్రీలు దాటినా ఫెయిలే. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నన్ను చూస్తే డిజైనర్లు ఆముదం తాగిన ముఖం పెడతారు.

ఆ రోజు కొత్త డిజైనర్ పే-లింగ్ తన మొట్టమొదటి క్యాబినెట్ తెచ్చింది. ముందువైపంతా అద్దమే. అద్దం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఇక గాలికి దారేదీ? కానీ రేకు మందంగా ఉంది, వేలు నున్నగా జారింది, తలుపు చప్పుడు లేకుండా పడింది. పిల్ల పనిమంతురాలే.

"గాలి అడుగు నుంచి పీలుస్తుందక్కా," అంది. "ఇవాళ పాసవకపోతే ల్యావ్ సార్ వేరేవాళ్ల డిజైన్ తీసుకుంటారు."

అరగంటకి ఎనభై ఎనిమిది.

"ఇందులో హాట్‌పాట్ పులుసు వండుకోవచ్చు," అని కలం తీశాను.

ఆమెకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఫెయిలని రాసి చేతులు దులుపుకోవడమేనా? ఎందుకు వేడెక్కిందో మీకు తెలీదా?"

ఆ మాట నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. కోపమొచ్చింది, నిజానికి సిగ్గూ వేసింది. గుమ్మం ముందు ఆ రోజు కంపెనీ పూజ జరుగుతోంది. వెళ్లి ఒక అగరుబత్తి తెచ్చి క్యాబినెట్ అడుగున పట్టాను. పొగ లోపలికి పోకుండా బల్ల మీదే పాకింది.

"కాళ్లు పొట్టివమ్మా! గాలి దూరడానికి సందేదీ?"

"అట్టపెట్టెలో పట్టదని నేనే తగ్గించా," అంది నెమ్మదిగా.

భోజనాలయ్యాక మేం ఆడుకునే మాజాంగ్ బిళ్లలు సొరుగులో ఉన్నాయి. నాలుగు తీసి కాళ్ల కింద పెట్టాను. పొగ జర్రున లోపలికి పోయింది. ఇంకో అరగంట నడిపితే డెబ్భై తొమ్మిది.

అప్పుడే మా మేనేజర్ ల్యావ్ సార్ వచ్చారు. "పనివేళ మాజాంగా?"

"ఆట కాదు సార్, కాళ్లు," అన్నాను.

ఆయన అంకె చూశారు, తలుపు రెండుసార్లు తెరిచి మూశారు. "కాళ్లు పొడిగించి, అట్టపెట్టె పెద్దది చేయించండి," అని సంతకం పెట్టేశారు.

పే-లింగ్ నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, వచ్చేసారి కాగితం మీద గీస్తున్నప్పుడే మీ దగ్గరికొస్తా."

"అప్పుడూ తిడతాను."

"తిట్టండి. అప్పుడైతే రబ్బరుతో చెరిపెయ్యొచ్చు కదా!"

నా తిట్లు కావాలని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఆ పిల్ల ఒక్కతే. భలే సంతోషమేసింది. పక్కకి జరిగి, నా బల్ల దగ్గర ఇంకో కుర్చీకి చోటు చేశాను.