నజ్మియె పెద్దమ్మ గోడమీది దువా

అబద్ధమని కూడా అనలేం. పెద్దమ్మ దువా అని, ప్రార్థన అని నమ్మే ఆ గోడమీది కాగితాన్ని ఇంకా పూర్తిగా చదవలేదన్నాను, అంతే. నిజానికి మొదటి ఆదివారమే, గ్లాసులో టీ చల్లారకముందే చదివేశాను. టర్కిష్ సాహిత్యం రెండో ఏడు చదువుతున్నదాన్ని. పాత లిపి, అంటే మా భాషని పూర్వం రాసిన అరబ్బీ అక్షరాలు, మాకు రోజూ పాఠమే. కాగితంలో ఉన్నవి ఏడు వరుసలు. ఆ ఏడు వరుసలకి ఆరు ఆదివారాలు ఎందుకు పట్టాయో నాకొక్కదానికే తెలుసు.

అది దువా కాదు. ఎద్దు కాలికి వైద్యం.

ఈ ఊరొచ్చి ఏడాదిన్నర. క్లాసులో పక్క కుర్చీ ఖాళీగా కనిపించకూడదని నా సంచీ పెట్టుకుంటాను. కింది అంతస్తులో ఉండే ఇంటావిడ నజ్మియె పెద్దమ్మ ఒక్కతే నన్ను బెర్రిన్ అని పేరుపెట్టి పిలుస్తుంది. అదీ ఆ కాగితం పుణ్యమే. అద్దం బిగించిన ఆ పటాన్ని గోడమీంచి దించి, మూడుసార్లు ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించుకుని నా చేతికిస్తుంది. ఖురాన్ అక్షరాలు కదా, పాత అక్షరాలంటే మా వాళ్ళందరికీ అంతే. వీధిలో పడి ఉన్న ముక్కనైనా ఎత్తి, కాలు తగలని చోట పెడతారు. ఏం రాసుందని ఎవరూ అడగరు.

ఈమె అడిగింది.

"గురువారం నా గుండె కోస్తారమ్మాయ్," అంది ఇవాళ, పాలకూర రొట్టె నా ముందుకి తోస్తూ. "మత్తు ఇచ్చేముందు మా తాత రాసిన దువా చదువుకోవాలి. కొత్త అక్షరాల్లో రాసివ్వు. ఆరు వారాలుగా నా రొట్టెలు మింగుతున్నావు, ఇంత ముక్క తెమల్లేదా ప్రొఫెసరమ్మా?"

"చేతిరాత గజిబిజిగా ఉంది పెద్దమ్మా."

"మా ఆయన రాత ఇంతకంటే ఘోరం. అయినా ఉత్తరాలు చదివి పెళ్ళి చేసుకోలేదూ? సరిగ్గా చదివుంటే చేసుకునేదాన్ని కాదనుకో!"

తనే పకపకా నవ్వి, గుండెమీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయింది.

నాకు నాలుగైదు దువాలు వచ్చు. ఒకటి రాసిచ్చేస్తే చాలు, హాయిగా లోపలికి వెళ్తుంది. పాపం, ఈ స్థితిలో ఆమెని నొప్పించకూడదు అనుకున్నాను. తరవాత ఆ ఆలోచనని తిప్పి చూసుకున్నాను. అందులో జాలి పలచగానే ఉంది. మిగతాదంతా భయం. గోడమీద దువా లేకపోతే నాకు ఆదివారం కూడా లేదు. కాగితం సంగతి తేలిపోయాక నన్ను కిందికి ఎందుకు పిలుస్తుంది? మెట్లమీద ఎదురైతే తల పక్కకి తిప్పుకుంటుంది.

"మా అమ్మ తన తండ్రిని, అదే మా తాతని, చూడనేలేదు," అంది పెద్దమ్మ, పటం అద్దాన్ని తలగుడ్డ అంచుతో తుడుస్తూ. "అమ్మ కడుపులో ఉండగానే యుద్ధానికి పోయాడు, తిరిగి రాలేదు. గొంతెలా ఉండేదో, ఎలా మాట్లాడేవాడో చెప్పేవాళ్ళు లేరు. ఆయన నోటి మాటంటే మాకు మిగిలింది ఇదే."

నా నోట్లో రొట్టె మెత్తగా అలాగే ఉండిపోయింది. దాన్ని మింగి, నోటుపుస్తకం తెరిచాను.

"దువా కాదు పెద్దమ్మా," అన్నాను.

ఆమె తుడవడం ఆపింది. నేను తల ఎత్తలేదు. పెద్ద పెద్ద అక్షరాల్లో, ఒక్కో మాటా పైకి చదువుతూ రాయడం మొదలుపెట్టాను: "బూడిదరంగు ఎద్దు డెక్క పగిలింది. వేడి తారు పూసి ఉన్నిగుడ్డ కట్టండి. నేను తిరిగొచ్చేదాకా దాన్ని నాగలికి కట్టొద్దు..."