సంఘం శాలువా

ఓ అక్కలారా, బావలారా, దగ్గరికి జరుగుండ్రి. ముచ్చట్లు బంద్ జేసి ఫోన్లు జేబుల పెట్టుండ్రి. గీ కథ ఇంటే దుప్పట్ల పన్నోనికి గూడ వణుకు పుడతది.

వీరేశం పొద్దుగాల్నే డబ్బాలు మోస్తున్నడు. దేశంగాని దేశంల, పాపటోయిటోయి అనే ఊరి కోల్డ్ స్టోరేజీల పదకొండేండ్ల సంది గదే పని. లోపల ఎంత చలంటే, తుమ్మితే ఆ తుమ్ము గడ్డగట్టి టప్పున కింద పడతది, చీపురుతోని ఊడ్వాలె! వీరేశం జాకెట్ జిప్పు పోయి యేడాదాయె, సుతిలితాడు కట్టుకున్నడు. వేళ్లు ఎండిన బెండకాయల లెక్క పగిలినయి. మూడు దినాల సంది దగ్గు, దగ్గితే పక్కటెముకల్ల పొడుస్తది. ఫ్లాట్‌ల హీటర్ లేదు, గోడల నిండ బూజు మాత్రం ఉన్నది.

పక్కన మోసే క్రొయేషియా ముసలాయన యోసిప్ చేతులు రుద్దుకుంట, "జిమ, వీరేశం, జిమ!" అంటడు. వాళ్ల భాషల చలికాలం పేరది. "మన హిమం లెక్కనే ఉన్నది గదనె" అని పోయిన వారం వీరేశం తెలుగు సంఘంల అన్నడు. సెక్రటరీ అభినవ్ ఫోన్ల ఎతికి ఎగిరి గంతేసిండు.

"కరెక్ట్ అంకుల్! రెండు మాటలూ ఒక్క తల్లి పిల్లలే. వేల యేండ్ల కింద ఒకటి అటు పోయింది, ఒకటి ఇటొచ్చింది. ఈ శనివారం మీకు సన్మానం. శాలువా కప్పుతం!"

శాలువా! వీరేశం చెవుల గదొక్కటే పడ్డది. ఇగ శనివారం రానే వచ్చె. డబ్బా ఎత్తినప్పుడల్ల భుజం మీద దాన్ని తలుసుకున్నడు.

"ఓ యోసిప్, ఇయ్యాల్టి సంది నాకు జిమ లేదు పో!"

యోసిప్‌కు తెలుగు రాదు, అయినా నవ్విండు.

సాయంత్రం మౌంట్ రాస్కిల్ పేటల సంఘం హాల్ల కప్పిండ్రు. ఎర్ర ఉన్ని, జరీ అంచు. మెడెనక వెచ్చగ పాకింది, దగ్గు గూడ ఆగింది. ఫోటో తీసిండ్రు. చప్పట్లు ఆగకముందే సంఘం సామాన్లు చూసుకునే ప్రభావతి శాలువా గుంజి మడతపెట్టబట్టింది.

"అది నాకే గదమ్మా?"

"అయ్యో అన్నా, సంఘానికి ఉన్నది ఒక్కటే శాలువా. నెక్స్ట్ డాక్టర్ గారికి కప్పాలె. మీకు ఫోటో పంపుతం!"

"పోనీ తియ్యమ్మా," అని నవ్వి, పోయి తలుపుకాడి కుర్చీల కూసున్నడు.

అభినవ్ హిమం, జిమల పుట్టుక మీద ముప్పావు గంట మాట్లాడిండు. నడుమ తమాషాకు వణికి చూపెట్టిండు, అందరు నవ్విండ్రు. వీరేశం నిజంగనే వణికిండు. ఉపన్యాసం హిమాలయాల కాడికొచ్చేటాలకు అదీ ఆగింది.

కుర్చీలు మడిచేటప్పుడు గని వీరేశం సల్లబడ్డది ఎవరూ చూడలె. అభినవ్ ఏడ్సుకుంట శాలువా తెచ్చి మొకం దాక కప్పిండు. అంబులెన్సోళ్లు గట్లనే ఎత్తిండ్రు. బయట వాన. స్ట్రెచర్ మీదికెళ్లి ఎర్ర అంచు కిందికి ఏలాడుతున్నది.

సమోసా తింటున్న శకుంతల ఆంటీ వానకు చెయ్యి అడ్డం పెట్టుకుంట ఉరికొచ్చింది.

"ఓ బాబూ, ఆగుండ్రి! తడవనియ్యకుండ్రి, అది డ్రైక్లీన్ ఓన్లీ!"