నవనీత రాసిన ఒమిక్రాన్ బిట్టు

అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడపడమంటే మాటలు కాదు. ప్రభుత్వోద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు భోజనాల గది గుమ్మం పక్కన నల్లబోర్డు పెట్టుకుని, వంతులేసుకుని రోజుకో బిట్టు రాస్తారు. మిగిలినవాళ్లు అన్నం తింటూ వల్లెవేస్తారు. వినీ వినీ నేనూ గ్రూప్ టూ రాయగలను.

ఆ జనవరిలో నవనీత తన వంతుకు ఇలా రాసింది: "ఒమిక్రాన్. స్పైక్ ప్రోటీన్‌లో జన్యుమార్పులు: 30కి పైగా. వ్యాప్తి: ఎక్కువ. తీవ్రత: తక్కువ." మూడో రోజుకల్లా తనకే జ్వరం. పరీక్ష చేయిస్తే పాజిటివ్.

నా రూలొకటే: పాజిటివ్ అయితే ఆ పూటే ఇంటికి. కిందటేడు డెల్టాతో పద్దెనిమిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి వచ్చినదాన్ని. నాకు భయం. దాచుకోవడం దేనికి?

పిల్ల మాస్కు బిగించుకుని మెట్ల మీద నుంచే వాదనకు దిగింది.

"ఆంటీ, జర ఇనుండ్రి. ఇది డెల్టా లెక్క కాదు, మస్తు మారింది. గొంతులనే ఎక్కువ పెరుగుతది, ఊపిరితిత్తులల్లకు అంతగ పోదు. మనం టీకాలు గూడ ఏసుకున్నం."

"అంత తేలికైతే మీ ఊరికే తీసుకుపో. మీ అవ్వ కషాయం కాచిస్తుంది."

గడగడా చెప్పే పిల్లకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అవ్వకు దమ్ము బీమారి ఆంటీ. టీకా ఏసుకోమంటే ఏసుకోలే. ఇంట్ల ఒక్కటే అర్ర, అందరం అండ్లనే పండాలె. నాకు తక్కువనే, ఆమెకు తక్కువ గాదు."

నా కోపం పాలపొంగు. డాబా మీది గది తాళంచెవి మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగాను. "గుమ్మం దాటావో, కాళ్లు విరగ్గొడతాను."

పది రోజులు మూడు పూటలా చారన్నం తలుపు ముందు పెట్టి వచ్చాను. తలుపు తెరుచుకునేలోపు మెట్లు దిగేసేదాన్ని.

కిందికి దిగిన రోజు నవనీత మళ్లీ అదే బిట్టు రాసింది. 'తీవ్రత' దగ్గర మాత్రం 'మనిషిని బట్టి' అని పెట్టింది.

"కీలో తక్కువ అనే ఉందక్కా," అంది గైడు పట్టుకున్న మనీష.

"కీ మీద అభ్యంతరం పెడత."

"రుజువు అడుగుతరు మరి."

నవనీత ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"బిడ్డా..." ఊళ్లో ఉన్న వాళ్ల అవ్వ, కమలవ్వ గొంతు. మధ్యలో పిల్లికూతల ఊపిరి. మేమంతా కంచాల ముందు ఆగిపోయాం. "తిన్నవా?"

మనీష గైడు మూసేసింది.