నిప్పులమ్మ ఏడో వాక్యం

ముప్పయ్యొక్క ఏళ్లు ప్రూఫ్‌రీడరుగా పనిచేసి దిగిపోయిన ఆ మేనత్తకు, తప్పును తప్పనడానికి జనం ఎందుకంత నీళ్లు నములుతారో ఏనాడూ అర్థం కాలేదు. ఎదుట కూర్చున్న మేనకోడలు అరగంటగా అదే పని చేస్తోంది.

ఆ పిల్లది కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఉద్యోగం. తన తండ్రీ, ఈ మేనత్తా చిన్నతనంలో పాత క్యాలెండరు కాగితాల వెనక గీసుకున్న రెండు దీవుల లోకాన్ని ఇప్పుడు ఆటగా మలుస్తోంది. రెండు దీవులకూ దేవత నిప్పులమ్మ ఒక్కతే. పన్నెండు వాక్యాల శాసనమూ ఒక్కటే. పాచిక వరుసగా మూడుసార్లు ఆరు పడితే తప్ప నడిమి సముద్రం దాటరాదు. ఒక్కనాడూ పడలేదు.

అక్కకు పదేళ్లూ తమ్ముడికి ఎనిమిదేళ్లూ ఉన్నప్పుడు నాన్నకు బదిలీ అయింది. తమ్ముడు నాన్న వెంట వెళ్లాడు. చదువు చెడకూడదని అక్క అమ్మ దగ్గర ఉండిపోయింది. సామాన్లు కట్టేసిన ఖాళీ గదిలో, బీరువా కదిలించగా తెల్లగా బయటపడిన గోడకు ఆనుకుని, ఇద్దరూ చెరో దీవి పంచుకున్నారు. వట్టి గచ్చు మీద పాచిక దొర్లిన చప్పుడు ఆవిడకు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

అక్క దీవిలో పూజారులు ఊపిరి బిగబట్టి మంటకు కాపలా కాశారు. పరాయివాడి శ్వాస తగిలి అది రెపరెపలాడుతుందేమోనని నలభై అడుగుల దూరంలోనే నిలిపేసేవారు. తమ్ముడి దీవిలో నిప్పులమ్మకు ఎప్పుడూ ఆకలే. అక్కడ పొయ్యి చల్లారదు. ఓడ దిగినవాడికి పేరడగక ముందే గరిటె చేతికిస్తారు. తండ్రి ఆ దీవి సంగతులు చెబుతూనే కూతురికి అన్నం తినిపించేవాడట. ఆయన దగ్గరున్న శాసనంలో ఏడో వాక్యం 'వంట ఆగనీయకు' అని ఉందని ఆ పిల్ల చివరికి బయటపెట్టింది.

"వంటేమిటి, నా మొహం! ఏడో వాక్యం 'మంట ఆగనీయకు'. నకలు రాసుకోవడం కూడా రాలేదు వాడికి," అంది మేనత్త.

ఆఫీసులో పైవాళ్లు ఒక్కటే పాఠం కావాలంటున్నారనీ, సాయంత్రంలోగా తేల్చాలనీ, అత్త ఏదంటే అదేనని తాను మాటిచ్చేశాననీ మేనకోడలు చెప్పింది. అత్త 'మంట' అంటే తండ్రి దీవి మొత్తం ఎత్తిపోతుంది.

"మరి వాడు రాలేదేం?"

"నువ్వు దిద్దేస్తావని భయం అత్తా. కింద కారులో కూర్చున్నాడు."

ఆ పిల్ల సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్లమీద పెట్టింది. లోపల మడతలు పడ్డ కాగితం, నీలి సిరా. ఆ గుండ్రటి దస్తూరీ తమ్ముడిది కాదు. ఏడో వాక్యంలో మకారానికి కుడివైపు కొమ్ము లేక 'మంట' కాస్తా 'వంట' అయింది.

మేనత్త కళ్లజోడు తుడిచి మళ్లీ చూసింది. రాసింది తనే. పైగా మంటకు 'ఆరనీయకు' అనాలి. పదేళ్ల పిల్లకు ఆ భేదం తెలియక 'ఆగనీయకు' అంది. ఆ క్రియ వంటకు అతికినట్టు సరిపోయింది. ఒక తప్పు రెండో తప్పుకు కాపు కాసింది, యాభై ఏళ్లు. ఎనిమిదేళ్లవాడు అక్క రాసిన ప్రతి అక్షరాన్నీ నమ్మి, దానిమీద ఒక దేశాన్ని పోషించాడు.

ఎర్రకలం తెరిచింది. తమ్ముడు టైపు చేయగా మేనకోడలు తెచ్చిన అచ్చుకాగితం మీద 'వంట' కింద వరసగా చుక్కలు పెట్టింది.

"ఇదేం గుర్తు?"

"ఉన్నది ఉన్నట్టు ఉంచమని. మా దీవిలో మంట, వాడి దీవిలో వంట. ఒకే పాఠం కావాలన్నవాళ్లకు నా దస్తూరీ చూపించు. రెండూ అందులోంచే వచ్చాయి."

ఆ పిల్ల కవరు తీసుకోబోతే మేనత్త చేత్తో ఆపింది.

"వాణ్ణి పైకి రమ్మను. వాడి అచ్చుకాగితంలో ఇంకా ఏడు తప్పులున్నాయి. అవి మాత్రం నావి కావు."